చిన్న లకుముకి: రూపము, వృత్తి, నివాసము, నామనిర్ణయము

సంస్కృతాంధ్ర వాఙ్మయములందు పక్షినామములకు కొదవ లేదు. కాని ఆ నామములకు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థములు పెక్కుచోట్ల ‘పక్షివిశేషము’, ‘ఒకానొక జలపక్షి’ అను మాటలతో ముగియుచున్నవి. వ్యాఖ్యాతకు ఆ పక్షి కనులయెదుట నుండెడిది గనుక అంతకు మించి చెప్పవలసిన పని ఆయనకు లేకపోయెను. నేటి విద్యార్థికి మిగిలినది పద మొక్కటియే. నీలివన్నె గల పక్షులను, నీట మునుగు పక్షులను పేర్కొను పదముల విషయమున ఈ చిక్కు మరింత ఎక్కువ. చాషము, కికీదివి, మద్గువు, మత్స్యరంకము అను నాలుగు పదములకును ‘లకుముకిపిట్ట’ అని అర్థము చెప్పి ముందునకు సాగుట సులభము. అది సులభమే గాని సరియైనది కాదు.

పక్షినామమును నిర్ణయించుటకు వర్ణ మొక్కటియే ఆధారము కాజాలదు. రూపము, వృత్తి, నివాసము అను మూడింటిని కలిపి చూచినపుడే పదము తన పక్షిని చేరును. ఈ విషయమును నిరూపించుటకు తెలుగునాట తరచు కనిపించు లకుముకులలో మిక్కిలి చిన్నదైన ఏటిలకుముకి చక్కని నిదర్శనము. ముందుగా ఆ పక్షి స్వరూప స్వభావములను వివరించి, అటుపిమ్మట నామచర్చకు వచ్చుట యుక్తము.

రూపము

శాస్త్రజ్ఞులు ఈ పక్షిని ‘ఆల్సెడో ఆథిస్’ అని వ్యవహరింతురు. లిన్నేయస్ 1758లో దీనిని తన వర్గీకరణమున చేర్చెను. ఆల్సెడో అనునది లాటిను భాషలో లకుముకికే పేరు. ఐర్లండు మొదలు ఉత్తరాఫ్రికా, భారతదేశము, జపాను మీదుగా పసిఫిక్ దీవులలోని సాలమన్ ద్వీపముల వరకు ఈ జాతి వ్యాపించి యున్నది. దీనిలో ఏడు ఉపజాతులను గుర్తించుచున్నారు. వానిలో ఒకదానికి ‘టాప్రోబానా’ అని పేరు. అది సింహళమునందును, దక్షిణ భారతమున గోదావరికి దిగువనున్న ప్రాంతములందును నివసించును. ఉత్తరమునగల ‘బెంగాలెన్సిస్’ అను ఉపజాతి వీపున నీలిమకు పచ్చదనము కలిసియుండగా, దీని వీపు మరింత స్వచ్ఛమైన నీలవర్ణముతో ఉండును. ఈ విధముగా గోదావరీ నది ఈ పక్షి విషయమున ఒక ఎల్లగా నిలుచుట తెలుగువారు గమనింపదగిన విశేషము.

ఈ పక్షి ముక్కు మొదలు తోక వరకు 16 లేక 17 సెంటీమీటర్లు. అనగా పిచ్చుక కంటె కొంచెమే పెద్దది. దేహమునకు తల పెద్దది, ముక్కు పొడవు, తోక మిక్కిలి పొట్టి. తలపై ముదురు నీలమున సన్నని అడ్డుచారలుండును. రెక్కలు పచ్చదనము కలిసిన నీలవర్ణముతో నుండి, వానిపై చిన్నచిన్న చుక్కలు మెరయును. వీపు నడుమ మెడ నుండి తోక వరకు కాంతివంతమైన లేతనీలి పట్టె యొకటి కలదు. పక్షి కూర్చున్నప్పుడు రెక్కలు దానిని చాలవరకు కప్పును. ఎగిరినప్పుడు నీటిపై నీలిమెరుపువలె తోచునది ఆ పట్టెయే. కంఠము తెలుపు. మెడ ప్రక్కన తెల్లని మచ్చ, చెవిచోట ఇటుకరంగు మచ్చ ఉండును. రొమ్ము, పొట్ట ఇటుకరంగు. కాళ్లు చిన్నవి, ఎఱ్ఱనివి. ముందరి వ్రేళ్లు కొంతమేర ఒకదానితో నొకటి కలిసిపోయి యుండును. ఆ పాదములు కొమ్మను పట్టుకొనుటకే గాని నేలపై నడచుటకు అనువైనవి కావు.

ఆడుపక్షికి మగపక్షికి భేదము ముక్కునందు తెలియును. మగదాని ముక్కు నలుపు. ఆడుదాని క్రిందిముక్కు కొన తప్ప తక్కినభాగమెల్ల ఎఱుపు కలిసిన నారింజ వర్ణముతో ఉండును.

వర్ణరహస్యము

ఈ పక్షి నీలిమ రంగుద్రవ్యము వలన కలిగినది కాదు. రొమ్మున నున్న ఇటుకరంగు నిజముగా ఈకలోని వర్ణద్రవ్యమే. కాని వీపుననున్న నీలము అట్టిది కాదు. ఈక తంతువుల లోపల స్పంజివలె అతిసూక్ష్మమైన రంధ్రములతో కూడిన నిర్మాణము కలదు. కాంతి దానిపై పడినపుడు నీలి తరంగములు మాత్రమే బలముగా వెనుకకు మరలును. తక్కినవి లోపలి నల్లని పొరలో లీనమగును. 2011లో ప్రకటింపబడిన పరిశోధన ఈ నిర్మాణమును స్పష్టముగా చూపినది. ఆ ఈకను నూరి పొడిచేసినచో నిర్మాణము చెడి నీలిమ మాయమగును. చైనాదేశమున పూర్వము లకుముకి ఈకలను లోహాభరణములపై అతికించెడివారు. నిర్మాణము చెడనందున శతాబ్దముల నాటి ఆ నగలలో నీలిమ నేటికిని నిలిచియున్నది.

ఇది నామచర్చకును పనికివచ్చు విషయమే. వెలుగు పడు దిశనుబట్టి ఒకే పక్షి వీపు ఒకప్పుడు ఆకుపచ్చగా, ఒకప్పుడు నీలముగా తోచును, నీడలో నల్లబడును. కావున ‘నీలవర్ణము’ అను ఒక్క విశేషణముతో పక్షిని నిర్ణయింపబూనుట ఎంత బలహీనమైన పద్ధతియో దీనివలన తెలియగలదు.

వేటాడు రీతి

చిన్న లకుముకి వేటకు కావలసినవి మూడు: తేటనీరు, చిన్నచేపలు, నీటి మీదికి వంగిన కొమ్మ. కొమ్మ లేనిచోట పాతిన గుంజయైనను, రెల్లుకాడయైనను చాలును. నీటికి ఒకటి రెండు మీటర్ల ఎత్తున అది కదలక కూర్చుండి, ముక్కు క్రిందికి వంచి నీటిని పరికించుచుండును. నడుమనడుమ తల పైకి క్రిందికి ఆడించుట దీనికి అలవాటు. చేప ఎంత దూరమున, ఎంత లోతున ఉన్నదో అంచనా వేసికొనుటకు ఈ తల కదలిక తోడ్పడును.

నీటిలోని వస్తువు ఉన్నచోట గాక కొంచెము పైగా కనిపించుట కాంతివక్రీభవనము వలన కలుగు భ్రాంతి. ఈ పక్షి ఆ భ్రాంతికి లోబడదు. దాని ప్రతినేత్రమునందును చూపు మిక్కిలి నిశితముగా నుండు బిందువులు రెండు కలవు. గాలిలో నున్నప్పుడు ఒకటియు, నీట మునిగినప్పుడు రెండవదియు ప్రధానముగా పనిచేయును. చేప కానవచ్చినంతనే పక్షి తలక్రిందుగా నీటిలోనికి దూకును. మునుగునప్పుడు పారదర్శకమైన పొర కనులను కప్పి కాపాడును. మునుక లోతు సాధారణముగా జానెడు మించదు. మరుక్షణమున రెక్కలు విదిల్చి నీటి నుండి పైకి లేచి, చేపతో కొమ్మకు చేరును. అది నీటిలో ఈదదు, నీటి అడుగున చేపను తరుమదు. ఒకే దూకు, ఒకే పట్టు, వెంటనే తిరుగుప్రయాణము. ఈ విషయము ముందు చెప్పబోవు మద్గు శబ్దవిచారమునకు ముఖ్యము.

పట్టిన చేపను కొమ్మకు మోది చంపి, తల ముందుగా మ్రింగును. పొలుసులు, రెక్కముండ్లు గొంతున గ్రుచ్చుకొనకుండుటకే ఈ పద్ధతి. జతపక్షికో, పిల్లలకో తీసికొనిపోవునపుడు మాత్రము చేప తల బయటివైపునకు ఉండునట్లు ముక్కున పట్టుకొనును. తినువారికి తలయే ముందు అందవలెను గదా! జీర్ణముకాని ముండ్లను, పొలుసులను చిన్న ఉండలుగా తిరిగి వెడలగ్రక్కును. చేపలే గాక తూనీగ పిల్లపురుగులు, ఇతర నీటిపురుగులు, తోకకప్పలు, చిన్న రొయ్యలు కూడ దీనికి ఆహారమే. దినమునకు తన దేహభారములో సగమునకు మించిన ఆహారము దీనికి కావలయును. అట్టి ఆకలిగల పక్షి కనుకనే ఏటిలో తన మేరను ఇతరుల రాకనుండి గట్టిగా కాపాడుకొనును. కిలోమీటరు పొడవో, అంతకు మించియో గల ఏటిభాగము ఒక్క పక్షి వశమున ఉండును. జతకట్టు కాలమున తప్ప ఆడుపక్షిని మగపక్షి, మగపక్షిని ఆడుపక్షి కూడ తన మేరలోనికి రానీయవు. నీటిని ఒరసినట్లు తిన్నగా, వేగముగా ఎగురుచు ‘చిచీ, చిచీ’ అని అరచు సన్నని కూత దాని రాకకు గుర్తు.

గూడు

ఈ పక్షికి చెట్టుగూడు లేదు. ఏటిగట్టు నిలువుగా తెగి, మట్టి మెత్తగా నుండుచోట ఆడు మగ పక్షులు రెండును కలిసి ముక్కులతో పొడిచి, కాళ్లతో మట్టిని వెనుకకు నెట్టుచు సొరంగము త్రవ్వును. దాని పొడవు సాధారణముగా అరమీటరు నుండి మీటరు లోపల ఉండును. సొరంగము లోనికి పోయినకొలది కొంచెము మీదికి ఎగబ్రాకి, చివర చిన్నగదివలె వెడల్పగును. పరపు అనునది ఏదియు లేదు. కాలక్రమమున చేపముండ్లే అందు పరచుకొనును. మన దేశమున మార్చి నుండి జూన్ వరకు గూడుకట్టు కాలము. ఆ మాసములలో ఏటినీరు తగ్గి, గట్టు బయటపడి, నీరు తేటపడును. తెల్లగా, నునుపుగా, ఇంచుమించు గుండ్రముగా నుండు గ్రుడ్లను అయిదు మొదలు ఏడు వరకు పెట్టును. సుమారు ఇరువది దినములకు అవి పొదగబడును. మరి ఇరువదినాలుగైదు దినములకు పిల్లలు వెలుపలికి వచ్చును. అటుపిమ్మట కొలది దినములకే తల్లిదండ్రులు వానిని తమ మేర నుండి తరిమివేయును.

గ్రీకుల పురాణకథలో ఆల్సియోనీ అను స్త్రీ లకుముకిగా మారెను. ఆ పక్షి శీతకాలమున సముద్రముపై తేలియాడు గూటిలో గ్రుడ్లు పొదుగుననియు, ఆ దినములలో గాలి అణగి కడలి శాంతించుననియు వారు నమ్మిరి. గట్టులోని చీకటి సొరంగమును చూచినవారికి ఆ కథ కథగానే నిలుచును. కవిసమయమునకు, పక్షి నిజస్థితికి గల ఈ అంతరమును గుర్తించుట కథకు లోపము కాదు. దానిని చదువువారికి లాభము.

పోలికగల పక్షులు

భారతదేశమున లకుముకి జాతులు పండ్రెండు కలవు. లకుముకి, బుచ్చిగాడు అను పేర్లు తెలుగున ఒక్క జాతికే పరిమితములు కావు. ఎక్కువగా కనిపించునది తెల్లరొమ్ము లకుముకి. అది చిన్నదానికంటె చాల పెద్దది. తల, పొట్ట కాఫీగింజ రంగు, రొమ్ము తెలుపు, ముక్కు దట్టమైన ఎఱుపు. నీటికి దూరమున తోటలలోను, తంతితీగలపైనను కూర్చుండి మిడుతలను, తొండలను కూడ పట్టును. పశ్చిమ బెంగాలునకు అది రాష్ట్రపక్షి. నలుపు తెలుపు లకుముకి నీటిపై గాలిలో ఒకేచోట రెక్కలాడించుచు నిలిచి, అక్కడినుండియే నీట దూకును. కొంగముక్కు లకుముకి ముక్కు పెద్దది, ఎఱ్ఱనిది. చెట్లనీడ గల నీటిపట్టులు దానికి ప్రియము. కాకినాడ సమీపమునగల కోరింగ మడ అడవులలో నల్లతల లకుముకి కూడ కానవచ్చును. వీనిలో పొడవైన నల్లముక్కు, ఇటుకరంగు పొట్ట, నీలివీపు, పిచ్చుకంత దేహము ఒక్కచోట కూడియున్నది చిన్న లకుముకి యందే.

లకుముకి కాకయే నీలివన్నెవలన దానితో కలగాపులగమగునది పాలపిట్ట. విజయదశమినాడు దీని దర్శనము శుభమని తెలుగువారి విశ్వాసము. తెలంగాణకు ఇది రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశ్‌కును ఇదియే రాష్ట్రపక్షిగా ఉండెను. 2018లో ఆ స్థానము రామచిలుకకు లభించినది. పాలపిట్ట ఇంచుమించు పావురమంత. మెట్టపొలములు, తంతితీగలు, మోడుచెట్లు దాని నెలవులు. నేలపై ప్రాకు పురుగులు దాని ముఖ్యాహారము. చెట్టుతొఱ్ఱలో గూడు పెట్టును. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా తోచి, ఎగిరినపుడు రెక్కలలోని రెండు నీలముల పట్టెలు ప్రకాశించును.

నామచర్చ

పైవిషయములు తెలిసినపిమ్మట పదముల చిక్కు చాలవరకు తానే విడును.

ఋగ్వేదము పదవ మండలములోని 97వ సూక్తము ఓషధులను స్తుతించునది. అందు ఒక మంత్రమున వ్యాధి చాషముతోను, కికీదివితోను కూడి ఎగిరిపోవలెనను ప్రార్థన కలదు. అమరకోశము సింహాదివర్గమున ఆ రెండింటిని పర్యాయములుగా గ్రహించెను. సంప్రదాయము చాషమును పాలపిట్టగా గుర్తించుచున్నది. కికీ అను భాగము కూతకు అనుకరణమని తోచును. హిందీభాషలో లకుముకిని ‘కిల్‌కిలా’ అందురు. ఈ ధ్వనిసామ్యమునుబట్టి కికీదివిని లకుముకియని తలచుట కవకాశము కలదు. కాని అనుకరణశబ్దములు ఒకదానితో నొకటి పోలియుండుట సహజము. అది జాతినిర్ణయమునకు చాలదు. అమరుడు చాషముతో కలిపి చెప్పినందున, కికీదివి యనగా పొలములపక్షియైన పాలపిట్టయే యని గ్రహించుట యుక్తము.

ఇక మద్గువు. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున సత్యకామ జాబాలునకు వృషభము, అగ్ని, హంస వరుసగా బ్రహ్మము యొక్క ఒక్కొక్క పాదమును ఉపదేశింపగా, నాలుగవ పాదమును ఉపదేశించినది మద్గువు. మునుగుట అను అర్థముగల ధాతువు నుండి ఈ శబ్దము పుట్టినదని వైయాకరణులు చెప్పుదురు. మునుగును గనుక లకుముకి యనుకొనుట తొందరపాటగును. లకుముకి మునుగుట క్షణమాత్రము. దానికి నీరు వేటకు మాత్రమే చోటు, సంచారమునకు కాదు. నీటిలో ఈదుచు, మునిగి చేపను తరిమి పట్టి, దూరమున తేలునది నీటికాకి. మజ్జనము ఎవరికి స్వభావమో వారికే ఆ పేరు ఒప్పును. భాష్యకారులు మద్గువును జలసంచారిగా చెప్పుటయు ఈ పక్షమునకే అనుకూలము. జలమద్గువు అను సమాసమునకు నిఘంటువులు లకుముకియని అర్థము చెప్పినను, దానినిబట్టి కేవల మద్గుశబ్దమునకును ఆ యర్థమునే అంటగట్టరాదు.

మిగిలినది మత్స్యరంకము. మీనరంకము అనియు దీనికి రూపాంతరము కలదు. నిఘంటువులు దీనిని లకుముకియందే నిలిపినవి. ఈ పేరులో నీలిమ లేదు, కూత లేదు. ఉన్నవి చేప, ఆకలి. రంకశబ్దమునకు దీనుడు, ఆకలిగొన్నవాడు అను అర్థములు కలవు. దినమెల్ల కొమ్మపై తలవంచి కూర్చుండి, నీటివంక చూచుచు, దేహములో సగమునకు మించిన బరువుగల చేపలను దినదినము సంపాదించుకొనవలసిన పక్షికి ఇంతకంటె తగిన పేరు దొరకుట కష్టము. మెరయు వీపును విడిచి, వృత్తినిబట్టి పేరు పెట్టినవారు పక్షిని చక్కగా ఎరిగినవారనుట స్పష్టము. 1985లో వెలువడిన కె.ఎన్. దవే ఆంగ్లగ్రంథము ‘బర్డ్స్ ఇన్ సంస్కృత్ లిటరేచర్’ కావ్య నిఘంటు పదములను పక్షిశాస్త్రముతో సమన్వయింప బూనిన ప్రయత్నము. తెలుగు పదముల విషయమునను అట్టి కృషి అవసరము.

గట్టు పోయిన, పదము

చిన్న లకుముకి విస్తారదేశమున నివసించు జాతి. జాతిగా దీనికి ఆసన్నప్రమాదము లేదని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణసమితి గణనము తెలుపుచున్నది. కాని ఒక యేటికి ఈ పక్షి ఉండునా, పోవునా అనునది ఆ యేటి గట్టును, నీటి తేటను బట్టి నిర్ణయింపబడును. కాలువ గట్టులకు రాతికట్టడము, సిమెంటుపూత పడినచోట ముక్కుతో త్రవ్వుటకు మట్టి యుండదు. ఇసుకకై యేటిని లోతుగా త్రవ్వినచోట గట్టు విరిగిపడును. గూళ్లున్న మాసములలో నయినచో గ్రుడ్లు, పిల్లలు మట్టిపాలగును. నీరు మురికిపడినచో చేప ఉన్నను పక్షికి కానరాదు. పురుగుమందులు చేరినచో చేపయే ఉండదు. చూపుతో వేటాడు పక్షికి తేటనీరే అన్నపాత్ర.

పక్షి తరలిపోయిన ఊరిలో మత్స్యరంకశబ్దము మరల ‘పక్షివిశేషము’గా మారును. అప్పుడు అధ్యాపకుడు పదమునకు పదమునే అర్థముగా చెప్పవలసివచ్చును. అందుచే సింహాదివర్గమును బోధించునపుడు ఒక్కొక్క పక్షినామమునకు మూడు ప్రశ్నలు వేయుట అలవాటు కావలయును: అది ఎక్కడ కూర్చుండును? ఏమి తినును? గూడు ఎక్కడ పెట్టును? ఈ మూడింటికి సమాధానము దొరకిన పదమునకు అర్థము దొరకినట్లే. దొరకనిచోట అర్థమును ఊహించి పూరించుటకంటె, కళాశాలకు సమీపమునగల చెరువుగట్టునకో, కాలువగట్టునకో విద్యార్థులను ఒక ఉదయమున తీసికొనిపోవుట మేలు. నీటిపైకి వంగిన కొమ్మయు, మెత్తని మట్టిగట్టును మిగిలియున్నచోట నిఘంటువు చెప్పలేనిదానిని ఆ చిన్నపక్షియే చెప్పగలదు.